పని పక్కన పుట్టిన చదువు: ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాల, మన దక్షిణ తెలంగాణ

(తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవం సందర్భంగా నల్లగొండలో జరిగిన సభలో సివిల్ ఇంజనీరింగ్ విశ్రాంత ఆచార్యులొకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసి ఇస్తున్నాము.)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నీటిపారుదల శాఖ నుంచీ విద్యుత్ శాఖ నుంచీ వచ్చిన మిత్రులకు, ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలకు నమస్కారం. నాకు అప్పగించిన అంశం ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల చరిత్ర, దాని ఎదుగుదల. కళాశాల హైదరాబాదుది, సభ నల్లగొండది. అందుకని ఈ కథను హైదరాబాదులో మొదలుపెట్టినా, నల్లగొండ మీదుగా, పాలమూరు (మహబూబ్‌నగర్) మీదుగానే నడిపిస్తాను.

ఒక కళాశాల చరిత్ర చెప్పమంటే మామూలుగా ఏం చెబుతాము? ఫలానా ఏట పునాదిరాయి, ఫలానా ఏట భవనం, ఫలానా ఏట కొత్త శాఖ, ఫలానా ఏట స్వర్ణోత్సవం అని చెబుతాము. అవి నేనూ చెబుతాను. కానీ ఇంజనీరింగ్ కళాశాలను అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. అది పుట్టిన రోజుల్లో దాని చుట్టూ ఏ పని జరుగుతున్నది? అందులో చదివినవాళ్లు ఏ పనికి పోయారు? అక్కడ నేర్చుకున్నది మళ్లీ తరగతి గదికి వచ్చిందా, రాలేదా? వైద్య కళాశాల పక్కన ఆసుపత్రి లేకపోతే మనం ఊరుకోము, అనుమతి కూడా ఇవ్వరు. ఇంజనీరింగ్ కళాశాల పక్కన పని లేకపోయినా ఎవరూ అడగరు. నా ప్రసంగమంతా ఈ ఒక్క మాట చుట్టే తిరుగుతుంది కనుక ముందే చెప్పేస్తున్నాను.

మన దేశంలో పాత ఇంజనీరింగ్ కళాశాలలు ఎట్లా పుట్టాయో చూడండి. రూర్కీలో 1847లో కళాశాల పెట్టారు. ఎందుకు పెట్టారు? గంగా కాలువ తవ్వుతున్నారు, దానికి పనివాళ్లను చూసుకునే మనుషులు, కొలతలు తీసే మనుషులు కావాలి, ఇంగ్లండు నుంచి అంతమందిని తెప్పించుకోలేరు, అందుకని పెట్టారు. మద్రాసులో గిండీ కళాశాల మూలం 1794 నాటి సర్వే బడి. కంపెనీ వాళ్లకు భూమి కొలిచే మనుషులు కావాలి కాబట్టి ఆ బడి వచ్చింది. పూనా సంగతీ అంతే, అక్కడ ప్రజా పనుల శాఖకు కింది స్థాయి ఉద్యోగులు కావలసి వచ్చింది. అంటే ముందు పని వచ్చింది, పని వెనుక బడి వచ్చింది. పరాయి ప్రభుత్వం తన అవసరానికి చేసింది, నిజమే, ఎవరి ఉపకారం కోసమూ చేయలేదు. అయినా ఆ వరుస మాత్రం సరైన వరుస.

మరి హైదరాబాదు సంస్థానం సంగతి ఏమిటి? 1908లో మూసీ వరద వచ్చింది, పట్నం కొట్టుకుపోయింది. ఆ మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన వరదను ఆపటానికి నది ఎగువన జలాశయాలు కట్టాలన్నారు. ఉస్మాన్‌సాగర్ 1920కి, హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి. ఇటు మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931 దాకా సాగింది. నిజాంసాగర్ కట్టించిన చీఫ్ ఇంజనీరు ఎవరో పిల్లలకు తెలుసా? వెనక వరుసల నుంచి జవాబు వస్తున్నది, సంతోషం. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్, అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. ఆయన 1877 జులై 11న పుట్టారు, ఆ తేదీనే ఈ రోజు మనం ఇక్కడ కూర్చున్నాము. దేశమంతా సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్య గారి పేరున ఇంజనీర్ల దినోత్సవం చేసుకుంటుంది, మనం ఇద్దరికీ దండం పెడతాము, అందులో తప్పేమీ లేదు.

ఇక్కడ గమనించవలసింది, అలీ నవాజ్ జంగ్ ఎక్కడ చదివారన్నది. ఇంగ్లండులోని కూపర్స్ హిల్‌లో చదివారు. హిందుస్థానంలో కొలువు చేయబోయే ఇంజనీర్ల కోసం అక్కడ పెట్టిన కళాశాల అది, 1906లో మూసేశారు. ఆయన తరం వాళ్లలో చాలామంది ఇంగ్లండుకు గానీ, పూనాకు గానీ, మద్రాసుకు గానీ పోయి చదివి వచ్చినవాళ్లే. సంస్థానంలో పని ఉన్నది, డబ్బున్నది, నదులున్నాయి, చెరువులు వేలల్లో ఉన్నాయి. ఇంజనీరును తయారుచేసే చోటు మాత్రం లేదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1917లో ఫర్మానా వెలువడింది, 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది, 1919లో తరగతులు మొదలయ్యాయి. ఇంజనీరింగ్ కళాశాల అప్పుడే రాలేదు. పదేళ్లు ఆగి 1929లో వచ్చింది. సంస్థానంలో అదే మొదటి ఇంజనీరింగ్ కళాశాల. 1929 అంటే ఏమిటి? హిమాయత్‌సాగర్ పూర్తయి రెండేళ్లయింది, నిజాంసాగర్ పని జోరుగా నడుస్తున్నది, పాలేరు, వైరా పనులు ఆ కాలానివే. సరిగ్గా ఆ పనుల నడుమ ఈ కళాశాల పుట్టింది. నాటి విద్యార్థికి ఆనకట్ట అంటే పుస్తకంలో బొమ్మ కాదు. రైలెక్కి పోయి పునాది గోతిలో దిగి చూసిరాగలిగిన పని. ఈ కలయిక యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఇంకొక విశేషం దీనికి ఉన్నది. ఇక్కడ ఇంజనీరింగ్‌ను ఉర్దూలో చెప్పారు. రూర్కీలో, గిండీలో, పూనాలో, శిబ్‌పూర్‌లో ఇంగ్లీషు తప్ప వేరే మాట లేని రోజుల్లో, స్థితిశాస్త్రం, జలశాస్త్రం, కట్టడాల లెక్కలు ఒక దేశభాషలో చెప్పారు. విశ్వవిద్యాలయంతో పాటే ఏర్పడిన దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పాఠ్యపుస్తకాలు తయారుచేసింది. ఇంగ్లీషు తప్పనిసరి విషయంగా ఉండేది, పాఠం మాత్రం ఉర్దూలో సాగేది. దీన్ని రెండు వైపుల నుంచీ చూడాలని నేను అంటాను. దేశభాషలో ఉన్నత సాంకేతిక విద్య చెప్పలేమని ఈ రోజు కూడా వాదించేవాళ్లకు, దాదాపు 20 ఏళ్లు చెప్పి చూపించిన కళాశాల మన దగ్గరే ఉన్నదని గుర్తుచేయాలి. మరి ఆ దేశభాష ఎవరి భాష? నల్లగొండ రైతు ఇంట్లో పుట్టిన పిల్లవానికి ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. అసలు హైస్కూలు దాకా రాగలిగినవాళ్లే తక్కువ, అది దాటి ఇంజనీరింగ్ గడప ఎక్కాలంటే భూమి ఉన్న కుటుంబమో, కొలువులో ఉన్న కుటుంబమో అయి ఉండాలి. కాబట్టి ఆ ప్రయోగాన్ని మెచ్చుకోవాలి, దాని గడప ఎంత ఎత్తుగా ఉండేదో కూడా మరచిపోకూడదు.

భవనాల సంగతి త్వరగా చెప్పేస్తాను. మొదట్లో కళాశాల తాత్కాలిక భవనాల్లో నడిచింది. ఇప్పుడున్న భవనంలోకి 1947లో మారింది. క్యాంపస్‌లోని ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది, దాని నమూనా బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ది. ఫొటోలన్నీ దాని ముందే దిగుతారు, ఇంజనీరింగ్ కళాశాల ముందు ఎవరూ దిగరు. మా ఇంజనీర్లకు ఆ బాధ లేదు, ఆర్ట్స్ కళాశాల రాయి చెక్కినవాళ్ల పనితనం చూడటానికి మేమూ అక్కడికే పోతాము.

1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ తరువాత బోధన ఇంగ్లీషులోకి మారింది. విద్యార్థుల రాక మారింది, పల్లెల నుంచి వచ్చేవాళ్లు పెరిగారు. అన్నిటికన్నా ముఖ్యంగా పని మారింది. ఇక్కడ నేను కొంచెం నిదానిస్తాను, ఎందుకంటే ఇది మన రెండు జిల్లాల కథ.

1940లలో డిండి జలాశయం వచ్చింది. నిజాం చివరి కాలంలో కోయిల్‌సాగర్ మొదలైంది. తుంగభద్ర మీద రాజోలిబండ పని నడిచింది, దాని నీళ్లు గద్వాల, అలంపురం వైపు వస్తాయి. సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు 1963కి పూర్తయింది. వనపర్తి వైపు సరళాసాగర్‌కు 1949లో పునాది పడి, 1959లో ప్రారంభమైంది. సరళాసాగర్ చూడని సివిల్ విద్యార్థులు ఈ సభలో ఉంటే, వచ్చే వానకాలంలో పోయి చూసిరండి. వనపర్తి రాజా తన తల్లి పేరున కట్టించినది. దాని ప్రత్యేకత ఏమిటి? అందులో మిగులు నీటిని వదలటానికి మనిషి గేటు ఎత్తనక్కరలేదు. ఆటోమేటిక్ సైఫన్లున్నాయి. జలాశయంలో నీటిమట్టం పూర్తి స్థాయిని దాటగానే సైఫన్ గొట్టంలోని గాలి బయటికి పోయి, నీరు తనంతట తానే పట్టుకుని ధారగా దూకుతుంది. మట్టం తగ్గగానే గాలి లోపలికి చొరబడి ధార తెగిపోతుంది. కరెంటు లేదు, మోటారు లేదు, అర్ధరాత్రి వానలో గేట్లు చూసుకునే లస్కరును పరుగెత్తించే పని లేదు. దేశంలో ఇట్లాంటి జలాశయాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పాఠ్యపుస్తకంలో సైఫన్ స్పిల్‌వే అని సగం పేజీ ఉంటుంది, పరీక్షలో అయిదు మార్కులకు వస్తుంది, దాన్ని బట్టీ పట్టి రాసి వచ్చిన మన జిల్లా పిల్లలకు అది తమ పక్క ఊళ్లో ఉన్నదని తెలియదు. ఇది ఎవరి లోపం? పిల్లలది కాదు. 2019 డిసెంబరు 31న ఆ ప్రాజెక్టు మట్టికట్టకు గండి పడింది. అటువంటి గండి ఒక్కటి తరగతి గదికి పది పాఠాలు చెబుతుంది. ఊట ఎక్కడ మొదలైంది, మట్టి రకం ఏమిటి, నిర్వహణ ఏమైంది? ఎన్ని కళాశాలల్లో ఆ పాఠం చెప్పుకున్నారో నాకు ఆసక్తిగా ఉన్నది.

ఇక నాగార్జునసాగర్. నందికొండ దగ్గర కృష్ణను కట్టాలన్న ఆలోచన పాతది. 1952లో ఖోస్లా కమిటీ దానికి బలం ఇచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎత్తు సుమారు 124 మీటర్లు, 26 గేట్లు, కుడివైపు గుంటూరు, ప్రకాశం దిక్కుకు జవహర్ కాలువ, ఎడమవైపు నల్లగొండ, ఖమ్మం దిక్కుకు లాల్ బహదూర్ కాలువ. ఇవన్నీ మీకు తెలిసినవే. అది రాతి కట్టడం. అంత పెద్ద ఆనకట్టను కాంక్రీటుతో కాక రాతితో ఎందుకు కట్టారు? రాయి అక్కడే దొరుకుతుంది, సిమెంటు కరువున్న కాలం అది, యంత్రాలు తెప్పించాలంటే విదేశీ మారకం కావాలి, మనుషులకేమో పని కావాలి. వేలాది మంది రాయి మోసి, రాయి పేర్చి ఆ గోడను లేపారు. ఇంజనీరింగ్ అంటే అత్యాధునికమైనది తెచ్చి పెట్టటం కాదని, ఉన్న రాయితో, ఉన్న చేతులతో, ఉన్న డబ్బుతో పనిచేసే దాన్ని ఎంచుకోవటమని చెప్పటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ చేతులు ఎవరివి? అందులో పాలమూరు చేతులు చాలా ఉన్నాయి. దేశంలో పెద్ద ఆనకట్ట ఎక్కడ కట్టినా పాలమూరు కూలీ అక్కడ ఉంటాడని పేరు. గుంపు మేస్త్రీ పండుగకు ముందు ఊళ్లోకి వస్తాడు, అడ్వాన్సు ఇస్తాడు, ఇంటిల్లిపాదినీ లారీ ఎక్కించుకుని పోతాడు. తిరిగి వచ్చేటప్పటికి ఏడాది గడుస్తుంది, అప్పు తీరదు. మట్టి పని, రాతి పని, గట్టు పని, సొరంగం పని, ఏ పనికైనా వాళ్లే. తడి మట్టిని పిడికిట్లో పట్టుకుని అది కట్టకు పనికి వస్తుందో లేదో చెప్పగలిగిన మేస్త్రీలను నేను చూశాను. మేము ప్రయోగశాలలో ప్రాక్టర్ పరీక్ష అని చేసేది కూడా ఆ తేమ సంగతి తేల్చటానికే. అంటే దక్షిణ తెలంగాణలో పని ఉన్నది, పనితనం ఉన్నది. కానీ ఆ పనితనం చదువు కాలేదు. ఆ మేస్త్రీ కొడుకు పని కొలతల పుస్తకం, అదే ఎం-బుక్, రాసే అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) కావటానికి ఇంకో రెండు తరాలు పట్టింది. ఎందుకు పట్టింది? పని జరిగిన జిల్లాల్లో ఇంజనీరింగ్ కళాశాల లేదు కనుక.

కళాశాలలు ఎక్కడ వచ్చాయి మరి? 1959లో వరంగల్‌లో రీజినల్ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది, నెహ్రూయే పునాది వేశారు, దేశంలో ఆ కోవకు చెందిన మొదటిది. ఇప్పుడు అది ఎన్‌ఐటీ. అదే 1959లో వనపర్తిలో, సంస్థానం వాళ్ల రాజభవనంలోనే పాలిటెక్నిక్ వచ్చింది. ఇది మనకు పెద్ద మేలు చేసింది, పాలమూరు నుంచి నీటిపారుదల శాఖలోకి, విద్యుత్ శాఖలోకి పోయిన డిప్లొమా వాళ్లలో ఎంతోమంది ఆ రాజభవనం మెట్లు ఎక్కినవాళ్లే. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కూడా ఉన్నారు, చేతులెత్తుతున్నారు. 1965లో హైదరాబాదులో ఇంకో కళాశాల పెట్టారు. దాని పేరు ఏమిటో తెలుసా? నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కళాశాల. అవును, మన ఆనకట్ట పేరే పెట్టారు, కళాశాల మాత్రం హైదరాబాదులో. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, అనంతపురం, కాకినాడ కళాశాలలతో పాటు అది అందులో కలిసిపోయింది. పేరు కూడా పోయింది. జేఎన్‌టీయూ హైదరాబాదు కళాశాలలో చదివే నల్లగొండ పిల్లల్లో నూటికి ఒక్కరికైనా ఆ పాత పేరు తెలుసునో లేదో.

ఉస్మానియా కళాశాల ఈ కాలంలో చేసిన ఒక పని నాకు ఎంతో నచ్చుతుంది. గనుల ఇంజనీరింగ్ చెప్పటానికి 1978లో కొత్తగూడెంలో, సింగరేణి బొగ్గు గనుల నడుమ, తన విస్తరణగా గనుల కళాశాలను తెరిచింది. తరువాత అది కాకతీయ విశ్వవిద్యాలయానికి పోయింది, ఇటీవల మరో రూపం కూడా దాల్చింది, ఆ వివరాల్లోకి పోను. విషయం ఏమిటంటే, గనుల చదువు గని దగ్గర ఉండాలని ఆనాటి పెద్దలకు తోచింది. నీళ్ల చదువు నీళ్ల దగ్గర ఉండాలని మాత్రం ఎవరికీ తోచలేదు. సాగర్ పక్కన హిల్ కాలనీ ఉన్నది, పైలాన్ కాలనీ ఉన్నది, ఇంజనీర్ల కోసం కట్టిన ఇళ్లున్నాయి, ఎడమ కాలువ ఉన్నది, 1970ల చివర నుంచి జలవిద్యుత్ కేంద్రం కూడా ఉన్నది. ఒక జల ఇంజనీరింగ్ కళాశాల అక్కడ పెట్టి ఉంటే ఎట్లా ఉండేది? నేను ఊరికే అడగటం లేదు.

అయినా ఉస్మానియా గడప దాటి వెళ్లిన మన మనుషులు ఉన్నారు. అందరి పేర్లూ చెప్పలేను, ఒక్కరి పేరు చెప్పకుండా ఉండలేను. ఆర్. విద్యాసాగర్ రావు గారు. మన జిల్లా జాజిరెడ్డిగూడెంలో పుట్టారు, ఉస్మానియాలో సివిల్ ఇంజనీరింగ్ చదివారు, కేంద్ర జలసంఘంలో చీఫ్ ఇంజనీరు స్థాయికి ఎదిగారు. అంతటితో ఆగితే ఆయన మంచి అధికారిగానే మిగిలేవారు. పదవీ విరమణ తరువాత ఆయన టీఎంసీ అనే నీటి కొలత అంటే ఏమిటో, రాష్ట్రాల మధ్య కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఏం చెప్పిందో, కృష్ణలో మన వాటా ఎంతో, అది మన పొలానికి ఎందుకు రావటం లేదో, పత్రికల్లో, సభల్లో, ఊళ్లలో మామూలు తెలుగులో చెప్పారు. ఆయన 2017లో కన్నుమూశారు, డిండి ఎత్తిపోతల పథకానికి ఆయన పేరు పెట్టుకున్నాము. ఒక కళాశాల ఎదుగుదలను కొలవటానికి నేను వాడే కొలబద్ద ఇట్లాంటి మనిషి. శంతను నారాయణ్ లాగా పెద్ద కంపెనీలు నడిపేవాళ్లు కూడా ఉస్మానియా ఇంజనీరింగ్ నుంచే వెళ్లారు, అది గర్వించవలసిందే, కాదనను. కానీ జిల్లాలో నిలబడి ఆ రెంటిలో నాకు ఏది దగ్గర అని అడిగితే, జవాబు వెతుక్కోనక్కరలేదు.

ఇటు హైదరాబాదులో భారీ పరిశ్రమలు వచ్చాయి. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1967లో ఈసీఐఎల్, రక్షణ ప్రయోగశాలలు. వాటితో పాటే ఉస్మానియాలో మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ శాఖలు బలపడ్డాయి, ఆ తరువాత కంప్యూటర్ సైన్స్ వచ్చింది. ఇది కూడా పని వెంట చదువు నడవటమే. 1994లో కళాశాలకు స్వయంప్రతిపత్తి వచ్చింది, అంటే పాఠ్యప్రణాళిక తనే రాసుకోవచ్చు, పరీక్ష తనే పెట్టుకోవచ్చు.

ఈలోగా సంఖ్యల యుగం కూడా మొదలైంది. 1979లో సీబీఐటీ, 1980లో మఫ్ఫఖంజా, 1981లో వాసవి, ఇట్లా ప్రైవేటు కళాశాలలు ఉస్మానియాకు అనుబంధంగా వచ్చాయి. 1986లో ఎంసెట్ వచ్చింది. 1990ల చివర నుంచి రహదారుల వెంట కళాశాలలు లేచాయి. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, దానితో పేదింటి పిల్లలకు మొదటిసారి ఇంజనీరింగ్ అందింది. ఈ మాట గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఆ పథకాన్ని ఎగతాళి చేసేవాళ్లు కూలివాని ఇంట్లో మొదటి పట్టభద్రుణ్ణి చూడలేదు. అదే సమయంలో ఉమ్మడి రాష్ట్రంలో కళాశాలలు ఏడు వందలు దాటాయి. హైదరాబాదు నుంచి విజయవాడ రహదారి మీద వస్తుంటే, మీరంతా చూశారు, పొలాల నడుమ నాలుగంతస్తుల మేడ, ముందు పసుపుపచ్చ బస్సులు. వాటిలో కొన్ని మంచివి, ఇప్పటికీ బాగా నడుస్తున్నాయి. చాలా వాటికి తాళం పడింది. ఎందుకు పడింది? కట్ట పోసినంత మాత్రాన చెరువు నిండదు కదా. పైన వాన పడే పరీవాహకం ఉండాలి, కింద నీళ్లు పారే ఆయకట్టు ఉండాలి. ఆ మేడలకు పరీవాహకమూ లేదు, ఆయకట్టూ లేదు. ఇప్పుడు సీట్లన్నీ కంప్యూటర్ సైన్స్ వైపు, దాని పిల్ల శాఖల వైపు ఒరిగిపోయాయి. సివిల్, మెకానికల్ శాఖలు మూసుకునే స్థితి వచ్చింది. ఇంతటి నీటి పనులున్న ప్రాంతంలో సివిల్ ఇంజనీరింగ్‌కు విద్యార్థి దొరకడం లేదంటే నమ్మగలమా?

పని ఇక్కడ ఉండి చదువు ఇక్కడ లేకపోతే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చెప్పాలి. మొదటిది ఫ్లోరైడు. మర్రిగూడ, మునుగోడు వైపు వంకర కాళ్లతో నడిచిన మనుషులను ఈ సభలో చూడనివాళ్లు లేరు. మన కింద ఉన్నది గ్రానైటు రాయి, అందులో ఫ్లోరైడు ఉన్న ఖనిజాలున్నాయి. వాన తక్కువ, నీళ్లలో క్షారం ఎక్కువ, కాల్షియం తక్కువ, బోరు లోతుకు పోయినకొద్దీ నీరు రాయితో ఎక్కువ కాలం కలిసి ఉంటుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు, ఇక్కడ దానికి ఎన్నో రెట్లున్న బావులు ఉండేవి. ఈ నీటిని శుద్ధి చేయటానికి ఒక పద్ధతి ఉన్నది, ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అంటారు. ఆఫ్రికా దేశాల ఇంజనీర్లు కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. నీటిలో సున్నం, పటిక కలపాలి, గిలకొట్టాలి, తరువాత మెల్లగా కలియబెట్టాలి, గడ్డకట్టిన మడ్డి కిందికి దిగేదాకా ఆగాలి, వడపోయాలి. తేలికే కదా? తేలిక కాదు. పటిక ఎంత వేయాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడును, క్షారతను బట్టి మారుతుంది. తక్కువైతే ఫ్లోరైడు పోదు, ఎక్కువైతే అల్యూమినియం నీటిలో మిగులుతుంది. అడుగున పడిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది ఇంకో సమస్య. ఊరూరికీ కొలిచి, సరిచూసే మనిషి కావాలి. ఆ పద్ధతిని ఎక్కడ తయారుచేశారు? 1970ల నడుమ, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థలో. వాళ్లకు చేతులెత్తి నమస్కారం. కానీ రోగం మనది, నీరు మనది, పేరు కూడా మనదే పెట్టారు. పరిశోధన చేసే చోటు ఒక్కటి మన జిల్లాలో అప్పుడు లేదు. నల్లాల ద్వారా నది నీళ్లు వచ్చిన తరువాత పరిస్థితి మారింది, కొత్త తరం పిల్లలు నిటారుగా నడుస్తున్నారు. బోరు నీరు తాగే ఊళ్లు, పశువులు, ఆ నీటితో పండే పంటలు ఇంకా ఉన్నాయి కనుక ఆ పరిశోధన అవసరం తీరిపోలేదు.

రెండోది శ్రీశైలం ఎడమగట్టు సొరంగం. సుమారు 44 కిలోమీటర్ల సొరంగం; శ్రీశైలం నీటిని ఎత్తిపోయకుండా పల్లంలోనే నల్లగొండకు తేవాలన్న ఆలోచన. అది పూర్తి కానందున ఇవాళ పుట్టంగండి దగ్గర సాగర్ వెనుక జలాలను మోటార్లతో ఎత్తిపోసుకుంటున్నాము. పైన నల్లమల అడవి, పులుల అభయారణ్యం; అందుకని నడుమ ఎక్కడా పక్కదారులు తవ్వటానికి వీలులేదు, రెండు కొసల నుంచే యంత్రంతో తొలుచుకుంటూ పోవాలి. పక్కదారి లేని అంత పొడవైన సొరంగంలో గాలి ఎట్లా, ఊట నీరు తోడటం ఎట్లా, యంత్రం ముందు రాయి ఎట్లా ఉన్నదో ముందే తెలుసుకోవటం ఎట్లా? 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం కప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు, ఎవరూ ప్రాణాలతో బయటికి రాలేదు. వాళ్లలో ఇంజనీర్లూ ఉన్నారు, కూలీలూ ఉన్నారు. దాని మీద రాజకీయం నేను మాట్లాడను. ఒక్కటి మాత్రం అడుగుతాను. మన ప్రాంతపు రాతి పొరల మీద, పగుళ్ల మీద, ఊటల మీద ఏళ్ల తరబడి కూర్చుని పనిచేసిన విశ్వవిద్యాలయ శాఖ ఈ రెండు జిల్లాల్లో ఎక్కడ ఉన్నది?

ఇప్పుడు మనకు విశ్వవిద్యాలయాలున్నాయి. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. పానగల్లు క్యాంపస్‌లో ఇంజనీరింగ్ కళాశాల నడుస్తున్నది. వనపర్తిలో 2022లో జేఎన్‌టీయూ కళాశాల వచ్చింది. పానగల్లు అన్నాను కనుక చెబుతున్నాను, అక్కడి ఉదయసముద్రం కాకతీయుల కాలపు సామంతులు తవ్వించినది, ఇవాళ కృష్ణా నీళ్లకు జలాశయంగా పనిచేస్తున్నది. ఇంజనీరింగ్ కళాశాలకు అంతకన్నా మంచి పొరుగు ఎవరుంటారు? కానీ ఆ కళాశాలల్లో కూడా ముందు తెరిచినవి, ముందు నిండేవి కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ శాఖలే. తెరవవద్దని నేను అనను. పిల్లలకు ఉద్యోగం కావాలి, తల్లిదండ్రులకు భరోసా కావాలి. నేను అడిగేది, కంప్యూటర్ చదివే పిల్లవానికి ఎడమ కాలువ చివరి తూము దాకా నీళ్లు ఎందుకు అందటం లేదో లెక్క కట్టే పనిని ఎందుకు ఇవ్వకూడదని. ఎలక్ట్రికల్ చదివే అమ్మాయికి సాగర్ విద్యుత్ కేంద్రాన్ని ఎందుకు పాఠం చేయకూడదు? అక్కడ 110 మెగావాట్ల యూనిట్ ఒకటి మామూలుది, 100.8 మెగావాట్ల యూనిట్లు ఏడు ఇరువైపులా తిరిగేవి. కరెంటు అవసరమైనప్పుడు నీరు కిందికి దూకి టర్బైన్ తిప్పుతుంది, కరెంటు మిగిలినప్పుడు అదే యంత్రం పంపుగా మారి నీటిని పైకి తోడుతుంది. సౌర విద్యుత్తు పెరిగిన ఈ రోజుల్లో దేశమంతా ఇట్లాంటి కేంద్రాల కోసం పరుగులు పెడుతున్నది. మన దగ్గర నాలుగు దశాబ్దాలుగా ఉన్నది. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల థర్మల్ కేంద్రం వచ్చింది, దాని బూడిద ఉన్నది, పక్కనే హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు కర్మాగారాలున్నాయి. బూడిదకు, సిమెంటుకు మధ్య ఎన్ని ప్రాజెక్టు పనులు పుడతాయో సివిల్ అధ్యాపకులకు నేను చెప్పనక్కరలేదు.

ఆచరణలో ఏం చేయాలో కూడా చెబుతాను, లేకపోతే ముసలివాడు ఊరికే తప్పులు పట్టి పోయాడంటారు. చివరి సంవత్సరం ప్రాజెక్టు పనులను హైదరాబాదులో కొని తెచ్చి బైండింగు చేయించే అలవాటు ఉన్నది. నవ్వుతున్నారు కనుక మీకు తెలుసునని అర్థమైంది. దాని బదులు జిల్లా సూపరింటెండింగ్ ఇంజనీరు (ఎస్‌ఈ) కార్యాలయం ప్రతి జూన్‌లో తన చేతిలో తేలని సమస్యల జాబితాను కళాశాలకు ఇవ్వాలి. ఏ చెరువు మత్తడి ఎందుకు కోసుకుపోతున్నది, ఏ లిఫ్టు మోటారు ఎందుకు మాటిమాటికీ కాలిపోతున్నది, ఇట్లాంటివి. సర్వే క్యాంపు కళాశాల ఆవరణలో కాక ఏదైనా గొలుసుకట్టు చెరువుల మీద పెట్టాలి. చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరడిని, గుంపు మేస్త్రీని, రిటైరైన వర్క్ ఇన్‌స్పెక్టరును తరగతికి పిలిచి, అధ్యాపకునికి ఇచ్చే గౌరవ వేతనమే ఇచ్చి మాట్లాడించాలి. ఇందులో ఏ ఒక్కదానికీ కొత్త భవనం అక్కరలేదు, కొత్త జీవో అక్కరలేదు. స్వయంప్రతిపత్తి లేని కళాశాల అయినా ప్రాజెక్టు పని ఎంచుకునే అధికారం దానికి ఉన్నది.

నాకు ఇచ్చిన సమయం దాటిపోయింది, అధ్యక్షులు రెండుసార్లు గడియారం చూశారు. విద్యుత్ శాఖ మిత్రులు ఇరువైపులా తిరిగే టర్బైన్ల మీద, సాగర్ దిగువన నీరు నిలిపే ఆనకట్ట మీద ప్రశ్న ఉన్నదని చీటీ పంపారు. పంపుగా తిప్పాలంటే కింద నీరు నిలిచి ఉండాలి కదా అన్నది వారి ప్రశ్న, సరైన ప్రశ్న. ముందు దానికి జవాబు చెప్పుకుందాము, తరువాత పిల్లలు అడగండి.